శంషాబాదు త్రాసు

మెహదీపట్నమునొద్ద నేలను విడిచి ఆరాంఘరునొద్ద మరల నేలకు దిగు పి.వి. నరసింహారావు వంతెనదారి 11 కిలోమీటర్లకు మించిన పొడవు గలది. దానిపై తెల్లవాఱుజామున పోవువానికి హైదరాబాదు నగరము మేడలమీది నీళ్ళతొట్లుగాను, దండెములపై ఆరవేసిన బట్టలుగాను, మసీదుల మినారులుగాను మాత్రమే కనుపించును. వీథులలోని రొద చెవినబడదు. 2009లో ఈ దారి తెఱచునంతవఱకు విమానమున కందవలెనన్నచో అత్తాపూరు రద్దీలో ప్రాణములు కడబట్టెడివని మా మిత్రుడు బండి నడుపుచునే చెప్పుకొనిపోవుచుండెను. ప్రక్కన నేను; వెనుక సీటులో ఆయన కుమార్తెయు, అమెరికానుండి సెలవులకు వచ్చిన మా మేనల్లుడును.

మా ప్రయాణమునకు కారణము ఆ యమ్మాయి. ఆమె ట్రాప్ అను గుఱిపందెము నాడును. ఢిల్లీలో తుగ్లకాబాదునొద్దనున్న కర్ణీసింగు షూటింగ్ రేంజిలో జరుగు పోటీకి పోవుచున్నది. డిక్కీలో తాళము వేసిన పెట్టెలో విప్పి పేర్చిన జంటగొట్టాల తుపాకియు, వేఱొక పెట్టెలో తూటాలును ఉన్నవి. ట్రాప్ ఆటలో గాలిలోనికి విసరబడు బిళ్ళలను కొట్టవలెను. మట్టిపిట్టలని వానికి పేరుగాని, అవి తారును సున్నపుఱాతిపొడిని కలిపి పోతపోసినవి, మట్టి కావు, పిట్టలును కావు.

మేనల్లుని సంగతి వేఱు. టెక్సాసు రాష్ట్రమున కంప్యూటరు కొలువు చేయు ఈతడు శని ఆదివారములలో తోలుబూట్లు తొడిగి, వెడల్పంచుల టోపీ పెట్టి, నడుమున రెండు రివాల్వరులు వ్రేలాడదీసికొని, పందొమ్మిదవ శతాబ్దపు పశువులకాపరి వేషమున గుఱి కొట్టు పందెములకు పోవును. 1982లో కాలిఫోర్నియాలో ఇట్టి పోటీ మొదట జరిగినది. 1987లో దానికొక సంఘమేర్పడి, నియమావళి కుదిరి, నేడది దేశదేశములకు ప్రాకినది. ఆటగాడు రెండు రివాల్వరులు, మీటతో తూటా నెక్కించు రైఫిలు, పాతకాలపు షాట్‌గన్ను – ఈ నాలుగింటితోడను వరుసగా ఇనుపపలకలను కొట్టుచు గడియారముతో పరుగెత్తవలెను. ప్రతివాడును ఆ కాలమునకు తగిన మారుపేరొకటి పెట్టుకొనవలెనను నిబంధన గూడ కలదు. మావాడు పెట్టుకొన్న పేరు నేనిచ్చట వ్రాయను. వ్రాసినచో మా అక్క నొచ్చుకొనును.

ఆరాంఘరు దాటినంతనే శివరాంపల్లిలో, 1975లో ఆబూ పర్వతమునుండి తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీ గోడ రోడ్డు వెంబడి సాగును. ఆ గోడను చూచి మా మిత్రుడు, "కౌబాయి అంటే మాకు కృష్ణే గుర్తొస్తాడయ్యా," అనెను. ఆయన తప్పేమున్నది? 1971 ఆగస్టులో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' విడుదలైననాడు తెలుగునాట పడుచువాండ్రందఱి నడుములకును తోలుబెల్టులు వచ్చినవి. ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్. దాసు దర్శకత్వము, రాజస్థాను ఎడారిని మనవారు అరిజోనాగా ఒప్పించిరి. అటుపిమ్మట 1990లో చిరంజీవి 'కొదమ సింహం', 2002లో మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' ఆ బాటనే నడచినవి. పశువులను కాచుటలో వేయేండ్ల అనుభవముగల జాతికి పశువులకాపరి వీరుడుగా అవతరించుటకు అమెరికా టోపీ కావలసివచ్చుట నాకిప్పటికిని వింతయే.

"సినిమా కౌబాయికి తూటాలు అయిపోవు మామయ్యా," అని మేనల్లుడందుకొనెను. "మాకు ఆరు గదుల్లో ఐదే నింపాలి. సుత్తి కిందున్న గది ఖాళీగా ఉండాలి."

ఆ యైదు తూటాల మాటనుండి మొదలైన ప్రసంగము విమానాశ్రయము చేరునంతవఱకు తెగలేదు. వినగా వినగా నాకు బోధపడిన దేమనగా, ఆ క్రీడలో వేషమునకుగాని, తుపాకికిగాని లేని పరీక్ష తూటాకు కలదు. తుపాకిని చూచి ముచ్చటపడవచ్చును. తూటాను మాత్రము తూచవలెను, కొలువవలెను, దేనితో చేసినదో విచారింపవలెను. ఆటయొక్క స్వభావము అందే నిర్ణయమగును.

మొదటి నియమము గుండు సీసముతోనే చేయబడవలెనని. రాగితొడుగు గలది పనికిరాదు, సగము తొడుగు పనికిరాదు, రాగిపూత పూసినదియు పనికిరాదు. దీనికి కారణము సంప్రదాయముపై మక్కువ కాదు. రివాల్వరుతో కొట్టవలసిన ఇనుపపలకలు సాధారణముగా ఏడు మొదలు పది గజముల దూరముననే నిలువబెట్టబడును. అంత దగ్గఱనుండి కొట్టినపుడు మెత్తని సీసము పలకపై చితికి, అప్పడమువలె పఱచుకొని, చిన్న తునుకలై ప్రక్కలకు రాలును. గట్టి రాగితొడుగు మాత్రము చీలి, అంచులు పదునెక్కి, వెనుకకు ఎగిరివచ్చుటకు వీలున్నది. కావుననే ఆటగాండ్రకే గాక చూచువారికి గూడ కంటి అద్దములు తప్పనిసరి. షాట్‌గన్నులో వాడు రవ్వలును సీసమువే కావలెను. నాలుగవ నంబరు పిట్టరవ్వకంటె పెద్దవి కూడవు, ఉక్కురవ్వలు అసలే కూడవు.

రెండవది వేగము. రివాల్వరునుండి వెడలు గుండు సెకనుకు 1000 అడుగులు మించరాదు. రైఫిలునుండి 1400 మించరాదు. మాగ్నము పేరిట అమ్ముడగు ఉద్ధృతమైన తూటాలు ఈ గీటు దాటిపోవును. రైఫిలు విషయమున మఱియొక సూక్ష్మము కలదు. మీటరైఫిలులో తూటాలు గొట్టము క్రింది పొడవాటి నాళములో ఒకదాని వెనుక నొకటి వరుసగా పరుండును. వెనుకదాని ముక్కు ముందుదాని పిరుదునందలి పేలుడుబిళ్ళకు ఆనియుండును. ఆ ముక్కు సూదివలె వాడియైనదైనచో, తుపాకి అదరినపుడు ముందున్న బిళ్ళకు పొడుచుకొని నాళమునందే పేలవచ్చును. అందుచేత ముక్కు బల్లపరుపుగా నున్న గుండ్లనే ఎన్నుకొందురు. ఇంత చిన్న సంగతిని గ్రహించుటకు పూర్వులలో ఎందఱి వ్రేళ్ళు పోయెనో!

అధికమును నిషేధించుట సహజమే. నన్నాకర్షించినది అల్పమును గూడ నిషేధించుట. ఈ పందెము గెలుపు కాలముపై నాధారపడినది గనుక, తుపాకి చేతిలో ఎంత తక్కువ ఎగసిన అంత త్వరగా రెండవ దెబ్బ వేయవచ్చును. ఈ కిటుకు తెలిసినవారు మందు తగ్గించి, గుండు తేలిక చేసి, తుదకు పిల్లల దీపావళి టపాకాయంత చప్పుడు మాత్రమే చేయు తూటాలు చుట్టసాగిరట. అందుపై సంఘమువారు అడుగుగీత గీచిరి: వేగము సెకనుకు 400 అడుగులకు తగ్గరాదు, గుండుబరువును గ్రెయినులలో తీసికొని వేగముతో హెచ్చించి వేయితో భాగించగా 60కి తక్కువ రారాదు. 105 గ్రెయినుల గుండు 600 అడుగుల వేగముతో పోయినచో లెక్క 63 వచ్చును, చాలును. మన పాత తులము సరిగా 180 గ్రెయినులు. అనగా ఆ గుండు సగము తులమునకు కొంచెము పైమాట. పూర్వపు కౌబాయి వాడిన .45 కోల్టు గుండు 250 గ్రెయినులు, ఒకటింబావు తులమునకు పైమాటయే. వేషము పూర్వులది, బరువు మాత్రము మనకు సుఖమైనది!

శంషాబాదు ఊరు వచ్చినది. పైగా వంశమునకు మూలపురుషులైన షంసుల్ ఉమ్రా నవాబుల పేరిట ఈ ఊరు వెలసినదని చెప్పుదురు. నిజాముల అంగరక్షక సైన్యము ఆ వంశమువారి అధీనమున నుండెడిది. వారి జాగీరు నేలపైననే నేడు ఆయుధముల పెట్టెలు తెఱచి చూపవలసిన విమానాశ్రయము వెలసినది. అక్కడక్కడ ఇంకను మామిడితోటలు, ఱాతిగుట్టలు మిగిలియున్నవి. తక్కిన నేలనంతయు హోటళ్ళును, ప్లాట్ల బోర్డులును ఆక్రమించినవి.

అప్పటివఱకు కిటికీవైపు చూచుచున్న అమ్మాయి, "మాకూ సీసమే అన్నయ్యా. కానీ 24 గ్రాములే. కేసు 70 మిల్లీమీటర్లు దాటొద్దు, రవ్వ 2.6 మిల్లీమీటర్లు దాటొద్దు," అనెను. ఒలింపిక్సులో గుఱిపోటీలను నడుపు అంతర్జాతీయ గుఱిక్రీడాసంఘపు నియమమది. 24 గ్రాములనగా పాత తులములు రెండింటికి పిసరు ఎక్కువ. ఆ రెండు తులముల సీసపురవ్వ హైదరాబాదునకు కీర్తి తేకపోలేదు. హాంగ్‌చౌ నగరమున 2023లో జరిగిన ఆసియా క్రీడలలో మన నగరవాసి కైనాన్ చెనాయి ట్రాప్ జట్టుతో స్వర్ణమును, ఒంటరిగా కాంస్యమును గెలిచెను. అవే క్రీడలలో ఈషాసింగు పిస్తోలుతో నాలుగు పతకములు సంపాదించినది. అందు 25 మీటర్ల జట్టుపోటీది స్వర్ణము. అంతకుముందే 2012లో లండను ఒలింపిక్సున గగన్ నారంగు పది మీటర్ల గాలితుపాకితో కాంస్యము తెచ్చియున్నాడు. ఈషా 25 మీటర్లలో వాడినది .22 తూటా, గగన్ వాడినది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్టు. ఈ పోటీలన్నింటను మెత్తని లోహమే, తొడుగు నిషిద్ధమే. దుస్తులలోను, మర్యాదలలోను ధ్రువమునకు ధ్రువము దూరమున నున్న రెండు క్రీడలు సీసమునొద్ద వచ్చి కలిసికొనుట చూచి నాకు సంతోషము కలిగినది.

కలియనిదియు ఒకటి కలదు. నల్లని తుపాకిమందు ఒలింపిక్సు రవ్వతూటాలలో నిషిద్ధము. కౌబాయి పందెములలో దానికి ప్రత్యేకముగా ఒక తరగతియే కలదు. పొగలేని మందు పుట్టకమునుపు లోకమంతయు వాడినదిది: సురేకారము నూటికి 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకము 10. "ఒక్కసారి పేల్చామంటే ఎదురుగా పలకే కనపడదు మామయ్యా, పొగ! ఆ మజాయే వేరు," అని మావాడు మురిసిపోయెను. ఆ పొగలో మన నేలకును పాలున్నది. డచ్చివారు ప్రళయకావేరి రేవున కోట కట్టి అందు తుపాకిమందు తయారు చేయించిరి. మోన్సియర్ రేమండు నిజాము కొలువున నుండి ఫిరంగులు పోతపోయించిన చోటు నేటికిని గన్‌ఫౌండ్రీ యను పేరుతో హైదరాబాదున బస్సుస్టాపుగా మిగిలియున్నది. ఆయన 1798లో మరణించెను. ఆయన పేరు మూసారాంబాగులో 'మూసా రాం' అయి నిలిచినదని నగరవాసుల నమ్మకము. గోలకొండకోటను ముట్టడించిన 1687 నాటి ఫిరంగుల మందును, టెక్సాసులో మా మేనల్లుడు ఆదివారమునాడు పేల్చు మందును ఇంచుమించు ఒకే వంటకమని చెప్పగా, అతడు దానిని తన క్లబ్బులో చెప్పుకొనుటకై సెల్లుఫోనులో వ్రాసికొనెను.

విమానాశ్రయము చేరితిమి. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములిచ్చటికి తరలివచ్చినవి. 5,500 ఎకరముల విశాలస్థలము, 4,260 మీటర్ల పొడవైన రన్‌వే. పైకప్పు ఎత్తును, అద్దపుగోడల విస్తారమును వర్ణించుట ఇదివఱకే పలువురు చేసిన పని. నా చూపంతయు కౌంటరు ప్రక్కనున్న త్రాసుపైననే నిలిచినది.

తుపాకితో ప్రయాణించువాడు దానిని దాచుకొనుటకు వీలులేదు, ముందుగనే చెప్పవలెను. లైసెన్సు చూపవలెను, తుపాకి ఖాళీగా నున్నదని తెఱచి చూపవలెను, తూటాలు వేఱుగా కట్టి యుండవలెను. రెండును సామానుగదిలోనికే గాని మనిషి వెంట క్యాబినులోనికి రావు. అమ్మాయి ఈ క్రమమంతయు పూజావిధానమువలె నడపించినది. ఏ కాగితము ఎప్పుడడుగుదురో అడుగకముందే ఆమె చేతిలో నుండెను. అటుపిమ్మట తూటాలపెట్టె త్రాసుపైకెక్కినది. అంతర్జాతీయ విమానయాన నియమముల ప్రకారము ఒక ప్రయాణికుడు స్వంత వాడుకకై కట్టుబడితో సహా 5 కిలోల తూటాలు మాత్రమే, అదియు విమానసంస్థ అనుమతితో, తీసికొనిపోవచ్చును. ఇద్దఱు ప్రయాణికులు తమ వాటాలను కలిపి ఒకే మూటగా కట్టరాదు. పేలుడు గుండ్లు, నిప్పంటించు గుండ్లు నిషిద్ధము. విడి మందు, విడి పేలుడుబిళ్ళలు ఎంతమాత్రము కూడవు. విమానసంస్థలు ఇంతకంటె బిగించిన నియమములు పెట్టుకొనుటయు కలదు.

ఐదు కిలోలనగా ఎన్ని తూటాలు? 12 బోరు తూటా ఒక్కటి రమారమి 37 గ్రాములు తూగును. అట్టపెట్టెలు పోగా నూటముప్పదికి మించవు. ట్రాప్ అర్హతపోటీలోనో 125 పిట్టలు. ఒక్కొక్క పిట్టకు రెండేసి దెబ్బలు వేయుటకు హక్కున్నది. అనగా ఒక్క పోటీకి వలసిన తూటాలు సైతము ఒక ప్రయాణికుని వాటాలో ఇముడవు. సాధనకు వలసినవి అటుండగా! అందుచేత ట్రాప్ ఆటగాండ్రు పోటీస్థలముననే తూటాలు సమకూర్చుకొనక తప్పదు. పరిచయములేని తూటా చేతికి వచ్చినచో దాని తీరు తెలిసికొనుటకే కొన్ని ఖర్చగును. .22 తూటా మూడున్నర గ్రాములకు మించదు గనుక పిస్తోలు ఆటగాండ్రకు ఈ బాధ లేదు. ఏ ఆటకు ఏ తూటా తగునో నిర్ణయించుటలో నియమావళితోపాటు కౌంటరు త్రాసు గూడ ఒక న్యాయమూర్తియని నాకప్పుడు తోచినది.

పోవునపుడు అమ్మాయి తన చేతిసంచిని మఱియొకసారి తలక్రిందులుగా దులిపి చూచుకొనినది. అతిజాగ్రత్త కాదది. సంచి మూలలో మఱచిపోయిన ఒక్క తూటాతో తనిఖీయందు పట్టుబడి ప్రయాణము చెడగొట్టుకొన్నవారు దేశమునందలి విమానాశ్రయములలో తఱచు కనబడుదురు. తన వద్ద ఉన్నదను ఎఱుక గూడ ఉన్నపుడే అది ఆయుధచట్టము చెప్పు స్వాధీనమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో వివరించియున్నది; మఱచినవానికి న్యాయస్థానమున ఆ తీర్పు అండగా నిలువవచ్చును గాని, ఎగిరిపోయిన విమానమును వెనుకకు తేలేదు.

మావాని తుపాకులేవియు ఇచ్చటికి రాలేదు. 1959 ఆయుధచట్టము క్రింద లైసెన్సు లేనిదే తుపాకిగాని తూటాగాని కలిగియుండరాదు. మన దేశమున లైసెన్సు లేక కొనదగినది, 2016 నియమముల ప్రకారము, .177 బోరునకును 20 జౌళ్ళ శక్తికిని మించని గాలితుపాకి మాత్రమే. మన పిల్లలలో పెక్కుమంది గుఱికి ఓనమాలు దిద్దుకొనునది దానితోనే. అతడు ఖాళీ తోలుబెల్టు నొకదానిని మాత్రము చూపుటకై తెచ్చెను. తూటాలు దోపు ఆ యుచ్చులను బయలుదేఱుటకుముందు ఒక్కొక్కటిగా వ్రేలితో తడవి చూచుకొంటినని చెప్పెను.

తిరుగుప్రయాణమున నర్కుడ గ్రామమునందలి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయమునకు పోయితిమి. ఎత్తైన గోపురము, మెట్లుదిగిన కోనేరు, చుట్టును కొబ్బరిచెట్లు; తెలుగు సినిమాలు చూచువారెవరికైనను ఇది ఎక్కడనో చూచినట్లుండును, చూచియే యుందురు. సినిమావారి పుణ్యమున ఆ కోనేటియొద్ద ఎన్ని పెండ్లిండ్లు, ఎన్ని ఎడబాటులు జరిగినవో లెక్కలేదు. దర్శనము ముగించి మెట్లపై కూర్చుండగా మేనల్లుడు ప్రసాదపు కాగితము వెనుక లెక్క వేయనారంభించెను. వచ్చు నెలలో విమానమెక్కి పోవలసిన పెద్దపోటీ అతనికున్నది. అమెరికాలో విమానసంస్థలును 11 పౌండ్లే, అనగా ఐదు కిలోలే యిచ్చును.

పది ఘట్టముల పోటీ. ఘట్టమునకు రివాల్వరులతో పది, రైఫిలుతో పది. రెండింటికిని ఒకే కొలత తూటా పెట్టుకొనుట పూర్వులనుండి వచ్చిన తెలివి. 1873 విన్‌చెస్టరు రైఫిలుకు పుట్టిన .44-40 తూటాకు తగినట్లు కోల్టువారు తరువాత రివాల్వరు చేసియిచ్చిరి. అట్లు 200 తూటాలు. షాట్‌గన్నుకు తప్పులతో కలిపి 50. అతనికి ప్రాణమైన .45 కోల్టు 250 గ్రెయినుల గుండుతో తూటా ఒక్కటి 24 గ్రాములు, 200కు 4.8 కిలోలు. షాట్‌గన్ను తూటాలు 50కి ఇంచుమించు 1.9. మొత్తము 6.7, త్రాసు ఒప్పుకొనదు. .38 స్పెషలైనచో 105 గ్రెయినుల గుండుతో తూటా 12 గ్రాములు, 200కు 2.4, రవ్వతూటాలతో కలిపి 4.3, అట్టపెట్టెలతో సహా ఇముడును. అయితే .38 స్పెషలు 1898 ప్రాంతమున పుట్టినది. పశువులమందలను నడిపించిన కౌబాయిలు దానిని కన్నెత్తి చూచినవారు కారు.

"అయితే నీ వేషం అబద్ధం కాదటరా?" అని అడిగితిని.

"రూలు ఒప్పుకుంటుంది మామయ్యా."

"రూలు సంగతి కాదు. నీకెట్లా ఉంటుంది?"

అతడు కొంతసేపు కాగితముపై గీతలు గీచి, .45ను పూర్తిగా వదలక, రవ్వతూటాలను పోటీస్థలముననే కొనుటకు నిశ్చయించుకొనెను. అప్పుడు .45 తూటాలు 200 నుండి ఒక్కటియు తగ్గింపనక్కఱలేదు, కాని 4.8 కిలోలపై అట్టపెట్టెల బరువు పడును. అట్టపెట్టెలను మాని తేలికైన ప్లాస్టికు పెట్టెలలో సర్దినచో 200 గ్రాములలో ఇముడునా యను సందేహము మిగిలినది. 200 గ్రెయినుల గుండు వాడినచో తూటాకు మూడు గ్రాములు తగ్గి, 600 గ్రాముల వెసులుబాటు దొరకునని నేను చెప్పితిని. అతడు కాగితమును నా చేతినుండి తీసికొని ఆ యంకెను క్రింద వ్రాసి, గీత గీచెను. మా మిత్రుడు బండి హారను మ్రోగించెను. ఎండ ముదిరినచో ఆరాంఘరునొద్ద ట్రాఫిక్కు పట్టుకొనునని ఆయన తొందర.